వేళ్ల వాసన

గుడియాత్తం, 1995 జూలై, బుధవారం.

పొగతాగొద్దని చెప్పడానికి వేలూరు నుంచి ఒక డాక్టరు మా బడికి వచ్చాడు. అందరి వేళ్లూ వాసన చూస్తూ నా దగ్గర ఆగాడు.

"ఎన్నాళ్లుగా తాగుతుండావు?"

"తాగను సార్. అమ్మ చుట్టే బీడీలకు మూతులు మడుస్తా."

నమ్మలేదు. నా పేరు రాసుకుని, రేపు మళ్లీ వస్తానని, అమ్మను తీసుకురమ్మన్నాడు. 'అనుమానం' అనే మాటకు ఇన్నాళ్లూ అర్థమే తెలుసు. ఈరోజు వాసన తెలిసింది.

ఇంట్లో చెబితే అమ్మ పడీపడీ నవ్వింది.

"నా వేళ్లూ చూపిస్తా. నన్నూ రాసుకోనీ ఆ డాక్టరుని!"

అన్నం పెట్టేముందు మాత్రం దగ్గరికొచ్చింది.

"ఏదీ, ఒకతూరి ఊదు నాయనా."

ఊదాను. వాసన చూసి, అన్నం వడ్డించింది. రేపు డాక్టరు ముందు అమ్మ ఏం చెబుతుందో...