లాడ్జి వెనకగోడ మీద మీటరు

అత్తయ్యగారికి మీ కోడలి నమస్కారాలు.

నేనిక్కడ కులాసా, నాతోపాటు కారూ కులాసా. మీరూ, మీ అబ్బాయీ, చిన్నదీ బాగున్నారని మీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. ఈ సంగతులు ఫోనులోనే చెప్పవచ్చు. కానీ మీ అబ్బాయి స్పీకరు పెట్టి పక్కనే కూర్చుంటారు. ముందు మీరొక్కరే చదవాలని రాస్తున్నాను.

మీరడిగినవాటికి జవాబులు. లాడ్జి గదికి కిటికీ ఉంది, తెరిస్తే పక్కింటి గోడ తప్ప ఇంకేమీ కనబడదు. వేళకే తింటున్నాను. చిన్నది జడ వేస్తుంటే ఏడుస్తోందని రాశారు. చివర్ల దగ్గర మొదలుపెట్టి చిక్కు తీసుకుంటూ పైకి రండి, కిక్కురుమనదు. ఆస్పత్రిలో ఇప్పటికి పదిహేడు పెట్టుడు కాళ్ళు తయారుచేశాను. కాలు చేయడం సగం పనే అని మీకు తెలుసు కదా. మనిషి దాంతో తన గుమ్మం దాటాలి, తన మెట్లు దిగాలి. ఎక్కడ ఒరుసుకుంటోందో అక్కడే చూసి సరిచేయాలి. అందుకే ఇళ్ళకు తిరగడం, అందుకే కారు.

ఇక మీ అసలు ప్రశ్న, “బయట చార్జింగుకి ఎంతవుతోంది, దాచకుండా రాయి” అన్నది. పోయిన ఉత్తరంలో “పెద్దగా ఏమీ లేదు” అని రాశాను. అది అబద్ధం అత్తయ్యా.

ఇక్కడి చార్జింగ్ స్టేషన్లో మన ఇంటి రేటుకి నాలుగింతలు. నిండాక బండి తీయడం ఆలస్యమైతే దానికి వేరే వడ్డింపు. ఆఫీసువాళ్ళు ఇచ్చేది మాత్రం ఇంటి రేటే. మొదటి వారం బిల్లు నమ్మలేక రెండుసార్లు కూడి చూసుకున్నాను. “ఊరు దాటితే తడిసి మోపెడవుతుంది” అని కారు కొనేనాడే మీ అబ్బాయి అన్నారు. “తిరిగే పని చేసే పిల్లకి సొంత బండి ఉండాలి, నువ్వూరుకో” అని మీరు ఆయన నోరు మూయించారు. మీ మాట పోతుందేమోనని నాకు బిల్లు కంటే పెద్ద బెంగ పట్టుకుంది.

లాడ్జిలో చార్జి పెట్టుకుందామంటే యజమానురాలు ససేమిరా అంది. నడుముకి ఎప్పుడూ తాళాలగుత్తి వేలాడుతుంటుంది కనక అందరూ ఆవిడని తాళాలమ్మ అంటారు. “ఇంతకుముందు ఒకాయన కిటికీలోంచి వైరు లాగి కారుకి పెట్టాడమ్మా. లాడ్జంతా చీకటైపోయింది. నువ్వు మంచిదానిలాగే ఉన్నావు గానీ, నీ బండి సంగతి నాకేం తెలుసు?” అంది.

ఇప్పుడు రాయబోయేది మీకు చెప్పడానికి మూడు కాగితాలు చించాను.

నలభై కిలోమీటర్ల అవతల, కొండమీద, ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. రెండేళ్ళ కిందట స్తంభం మీంచి పడితే ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. అప్పట్నించి ఆస్పత్రికి తప్ప ఇల్లు కదలలేదు. ఆయనకి కాలు అమర్చాక నాలుగు రోజుల్లో వెళ్ళి చూడాలి. కొండ ఎక్కితే చార్జి మంచినీళ్ళలా తాగుతుంది బండి. లెక్క వేసుకున్నాను. “పని ఎక్కువగా ఉందండీ, వచ్చేవారం వస్తాను” అని ఫోను చేశాను. “పర్లేదు మేడం” అన్నాడు పాపం.

నేను వెళ్ళేసరికి కాలు మంచం కింద ఉంది. మోకాలి కింద పట్టే తొడుగు ఒరుసుకుని చర్మం లేచిపోయింది. అలవాటయ్యేదాకా ఇంతేనేమో అనుకుని, నొప్పి పళ్ళబిగువున ఓర్చుకుని ఆరు రోజులు నడిచాడట. ఆయన భార్య ఎదురొచ్చి కుర్చీ వేసింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తిట్టినా బాగుండేది.

“పని ఎక్కువై కాదండీ. చార్జింగు ఖర్చుకి జంకి రాలేదు. తప్పు నాదే” అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు.

“కరెంటు దగ్గరా మేడం మీరు చిక్కుకుంది? కాళ్ళు మీ పని. కరెంటు నా పని. లాడ్జి ఎక్కడో చెప్పండి.”

తొడుగు అక్కడే సరిచేశాను. పుండు మానడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నా చేతి డబ్బు పెట్టుకునే తిరిగాను, మరెవరినీ వాయిదా వేయలేదు. పదకొండో రోజు పొద్దున్నే ఆయన లాడ్జి ముందు బస్సు దిగాడు. భుజాన పనిముట్ల సంచి ఉంది, చేతికర్ర లేదు.

తాళాలమ్మ వెంట రాగా లాడ్జి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

“అమ్మా, ఈ వెనక గదేంటి?”

“లాండ్రీ. మూసేసి మూడేళ్ళయింది.”

“యంత్రాలకి వేసిన లావు లైను అలాగే ఉంది. ఏనుగుని కట్టే గొలుసుకి మేకపిల్లని కడతాం, అంతే. వేరే మీటరు పెడతాను. ఎంత తిరిగితే అంత, మీ రేటు మీద కాస్త వేసుకుని మేడం దగ్గర తీసుకోండి.”

“మీటరు తిరక్కపోతే?”

“మీటరు తిరక్కపోతే కారూ తిరగదమ్మా!”

ఆవిడకి నవ్వాగలేదు. తాళం తీసింది.

పాత లైను కలిసే పెట్టె పైకప్పు అంచున ఉంది. నిచ్చెన వేశారు. వద్దని నోటిదాకా వచ్చింది. కానీ ఆ కాలు చేసిందాన్ని నేను. నేనే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు? నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. కుడికాలు పైమెట్టు మీద పెట్టి, నా కాలు దాని పక్కకి లాక్కున్నాడు. ఆగాడు. మళ్ళీ కుడికాలు, మళ్ళీ నా కాలు. నాలుగో మెట్టు దాటాక ఆగడం మానేశాడు. కింద తాళాలమ్మ “ముందు దిగమనమ్మా, నా గుండె ఆగేలా ఉంది” అంటూ నా చెయ్యి నలిపేస్తోంది.

పైకి చేరాక వెంటనే పని మొదలుపెట్టలేదు. ఇళ్ళ కప్పుల మీదుగా అలా చూస్తూ ఉండిపోయాడు. “రెండేళ్ళయింది మేడం, దేన్నైనా పైనించి చూసి” అన్నాడు.

మధ్యాహ్నానికల్లా కారులో పచ్చదీపం వెలిగింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం అత్తయ్యా, చిన్నపిల్లల్లా!

ఇప్పుడు నాకు పడేది ఇంటి రేటు మీద కాస్తంతే. ఈ వారం పదమూడు ఇళ్ళు తిరిగాను. తాళాలమ్మ గేటుకి “ఇక్కడ కార్లకు కరెంటు దొరుకును” అని బోర్డు రాయించింది. అది చూసి మరో రెండు లాడ్జీలవాళ్ళు మన ఎలక్ట్రీషియన్ కోసం మనిషిని పంపారు. ఇంతవరకూ చదివాక ఉత్తరం మీ అబ్బాయికి ఇవ్వండి, ఆయన మొహం ఎలా పెట్టారో నాకు రాయండి.

నిన్న ఆ ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేశాను, గురువారం వచ్చి కాలు ఆఖరిసారి చూస్తానని. కాసేపు నసిగి, “గురువారం ఇంట్లో ఉండను మేడం, పనుంది” అన్నాడు.

ఇట్లు,
ప్రేమతో,
మీ కోడలు