గేటు వైపు తిప్పిన కెమెరా

విజయనగరం, 2017 నవంబరు, మంగళవారం

ఈరోజు మున్సిపల్ పార్కులో వైఫై, కెమెరా ఉన్న స్మార్ట్ స్తంభం నిలబెట్టించాను. ప్లాను ప్రకారం కెమెరా కానుగచెట్టు కింది బెంచీ వైపు ఉండాలి. ఆ బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ లేచి నా దగ్గరకు వచ్చింది.

"బాబూ, ఇది ఇటేపు సూస్తాదా?"

"చూస్తుందమ్మా. ఏం?"

"నా కూతురు కులం కానోడిని సేసుకున్నాది. మావోళ్లు ఇంటికి రానీరు. పతీ మంగళారం ఇక్కడే కలుస్తన్నాం. ఈ బొమ్మలు సూసే గదిలో మా పెద్దోడే కూకుంటాడు."

ఆమె బతిమాలలేదు. చెప్పి వెళ్లి మళ్లీ బెంచీ మీద కూర్చుంది. నేను కెమెరాను గేటు వైపు తిప్పించి, భద్రతకు అదే మేలని రిపోర్టు పంపేశాను. కాసేపటికి కూతురు చంటిబిడ్డతో వచ్చింది. పెద్దావిడ బిడ్డను ఒళ్లో వేసుకుని నాకేసి చూసి తలూపింది.

ఇంటికొచ్చి భోంచేస్తుంటే తట్టింది. ఆ పార్కుకు ఉన్నది ఒకటే గేటు. రేపు పొద్దున కెమెరా పని మొదలుపెడుతుంది. వచ్చే మంగళవారం కూతురు బిడ్డనెత్తుకుని దాని ముందునుంచే లోపలికి వస్తుంది.

రేపటినుంచి నాకు వేరే ఊళ్లో, పాతపట్నంలో పని. కబురు పెడదామంటే ఆమె పేరు, ఇల్లు ఏదీ అడగలేదు.