పొట్ట దాచిన కుట్లు

అక్కా,

నేనూ, కడుపులో బిడ్డా కులాసా. ఆస్పత్రి కార్డు దొరికింది, బెంగపడకు. బీమా లేనివాళ్ళకు అక్కడ తక్కువ ఫీజుతో కాన్పు చేస్తారు. కాకపోతే పనిచేసే చోట బీమా లేదని రాయించుకు రమ్మన్నారు. మా కుట్టు మిషన్ల షెడ్డు సూపర్‌వైజరును అడిగితే, "ఆరో నెలా? పొట్టేదమ్మా? దొంగ కాగితం ఇవ్వమంటావా?" అని నలుగురిలో నవ్వాడు. కడుపుతో ఉన్నానని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని నా బట్టల కుట్లన్నీ విప్పి వదులుగా కుట్టుకున్నది నేనే కదా! నా పనితనమే నా కొంప ముంచింది. మర్నాడు కుట్లన్నీ బిగించుకుని వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. వెంటనే రాసిచ్చాడు మహానుభావుడు: "ఈమెకు మా దగ్గర బీమా లేదు. ఈరోజు నుంచి పనీ లేదు."

ఆస్పత్రి గుమాస్తా ముద్ర వేస్తూ, "ఇంత స్పష్టంగా ఎవరూ రాసివ్వరమ్మా" అని మెచ్చుకున్నాడు.

మెత్తబడిన పాత దుప్పటి ఒకటి పంపు, పొత్తిగుడ్డలు కుట్టుకుంటాను. ఇప్పుడు తీరికే తీరిక. అమ్మ కళ్ళలో చుక్కలు వేస్తున్నావా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించేటప్పుడు పని పోయిన ముక్క మింగేసి, ఆస్పత్రి కార్డు దొరికిన ముక్క రెండుసార్లు చదువు.

నీ చెల్లెలు