మామయ్య దాచుకున్న వెబ్ అడ్రస్

మామయ్యకు,

ఈ ఉదయం పొయ్యి వేడికి బేకరీ అద్దాలన్నీ మసకబారాయి. మా యజమాని చొక్కా చేతితో ఒక అద్దం తుడుస్తూ, "ఏదో అడగాలన్నావుగా, అడుగు" అన్నారు.

మీరు ఇన్నేళ్లుగా ఏటేటా డబ్బు కట్టి గడువు పొడిగిస్తూ దాచుకున్న, రొట్టె పేరున్న ఆ వెబ్ అడ్రస్ కొంటారా అని అడిగాను. "ఇదీ స్థలం లాంటిదే అమ్మడూ, ఊరు పెరిగితే ధర అదే పెరుగుతుంది" అని మీరనే మాట కూడా చెప్పాను.

ఆయన నవ్వారు. "ఈ రోజుల్లో అడ్రస్ టైపు చేసి వచ్చేదెవరమ్మా? అందరూ ఇన్‌స్టాలో మన పేజీ చూసే వస్తున్నారు. మీ మామయ్య ఎడారిలో స్థలం కొన్నట్టున్నాడు!"

కౌంటర్ దగ్గరివాళ్లూ నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను, మామయ్యా. అది తలుచుకుంటే అద్దంలో నా మొహం చూసుకోలేకపోతున్నాను.

అది అమ్ముడైతే మీ నెట్ సెంటర్ మూయక్కర్లేదని మీరు ఆశపడుతున్నారు. మా యజమాని కొనరు. ఇంకెవరైనా కొంటారని కూడా నాకు అనిపించడం లేదు. ఈసారి గడువు పొడిగించకండి.

నేనిక్కడ లెక్కలు రాస్తున్నానని అత్తయ్యతో చెప్పాను. కానీ ఆ ఇన్‌స్టా పేజీ నడిపేది నేనే.