ఒరిజినల్స్ ఇంకా మా దగ్గరే ఉన్నాయి

మార్చి 20

శ్రావ్య ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. జువాలజీ బాగా రాసిందట. ఫిజిక్స్ సంగతి అడిగితే "వదిలెయ్యండి నాన్నా" అని దిండులో ముఖం దాచుకుంది. వదిలేశాను.

మార్చి 23

ఆదివారం. అందరం భోజనాలకు కూర్చున్న వేళ చూసి చల్లగా చెప్పింది — ఫార్మసీ చదవదట. ఫిషరీస్ సైన్స్ చదువుతుందట. నెల్లూరు వైపు కాలేజీ. నాలుగేళ్లు హాస్టల్.

రత్న చేతిలో పప్పు గరిటె గాల్లోనే ఆగిపోయింది. అమ్మకు అర్థం కాలేదు. "అదేం చదువే?"

"చేపల చదువు మామ్మా."

మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. పొద్దున లేస్తే నేను అమ్మేవి చేపల మేత, చేపల చెరువుల మందులు. అయినా గుమ్మం లోపల అది 'సరుకు'. కొట్టు నుంచి వచ్చాక పెరటి కుళాయి దగ్గర స్నానం చేస్తే గానీ వంటింట్లో అడుగు పెట్టను. నాన్న పెట్టిన పద్ధతి. మేత కంపెనీవాళ్లు ఇచ్చే కేలండర్ మీద బొచ్చె చేప బొమ్మ ఉంటుందని అమ్మ దాన్ని గోడవైపు తిప్పి తగిలిస్తుంది. ఏకాదశి ఎప్పుడో చూడాలంటే ఇటు తిప్పి, చూసుకుని, మళ్లీ అటు తిప్పేస్తుంది. అలాంటి ఇంట్లో, పప్పన్నం ముందు కూర్చుని, ఆ మాట!

అమ్మ మజ్జిగ పోసుకోకుండానే లేచింది.

మార్చి 24

ఫార్మసీ అని ఎప్పుడో అనుకున్నాం కదా. రత్న తమ్ముడు, మా బావమరిది శ్రీనుకు తాడేపల్లిగూడెంలో మందుల షాపు. కాలేజీ కూడా అక్కడే. పొద్దున ఏలూరులో రైలెక్కితే సాయంత్రానికి పిల్ల ఇంట్లో ఉంటుంది. చదువయ్యాక మా కొట్టు పక్కనే తనకో మందుల షాపు...

అనుకున్నది ఎవరు? నేను, రత్న, శ్రీను. పిల్లను అడిగినట్టు గుర్తు లేదు.

ఏప్రిల్ 6

సెలవు రోజు కొట్లో కూర్చుంటానని వచ్చింది. దెందులూరు నుంచి ఒక రైతు. "చేపకి పేను పట్టిందండీ, గీరుకుంటన్నాయండి." మొన్న కంపెనీ మనిషి చూపించిన సీసా ఇచ్చి పంపాను. ఆయన వెళ్లాక మొదలుపెట్టింది.

"అది ఎలా పనిచేస్తుందో తెలుసా నాన్నా?"

"పేను పోతుంది."

"ఎలా పోతుంది?"

"సీసా మీద ఉంటుంది, చదువుకో."

చదువుకుంది! అక్షరం వదలకుండా. తర్వాత తలెత్తి — "నీళ్లు పరీక్ష చెయ్యకుండా మందు ఇచ్చేస్తారా? మీకు జ్వరం వస్తే డాక్టరు మిమ్మల్ని చూడకుండా బిళ్లలు ఇస్తే ఊరుకుంటారా?"

కొట్టు వెనక గదిలో ల్యాబ్ పెడుతుందట. రైతులు సీసాల్లో నీళ్లు తెస్తారట. తను మైక్రోస్కోప్‌లో చూసి చెబుతుందట. అప్పుడు నేను మందు ఇవ్వాలట. మొత్తానికి నన్ను కాంపౌండర్‌ని చేసేసింది.

కోపం వచ్చింది. అరిచాను. సాయంత్రం మిరపకాయ బజ్జీలు కొనుక్కుని ఇంటికి వెళ్లాను. తింటూ "ఇది లంచమా నాన్నా?" అంది.

ఏప్రిల్ 15

దాని గది గోడ నిండా కాగితాలు. ఏ కాలేజీలో కిందటేడు ఏ ర్యాంకు దాకా సీటొచ్చింది, కౌన్సెలింగ్‌కు ఏమేం పట్టుకెళ్లాలి... ఎవరో సీనియర్ అమ్మాయిని ఫోన్‌లో పట్టుకుని అన్నీ అడిగి రాసుకుంది. రైతుబిడ్డలకు విడిగా కోటా ఉందట. మాకు సెంటు భూమి లేదు, పిల్ల చదివిందంతా టౌన్లో. "ఓపెన్‌లోనే కొట్టాలి నాన్నా" అంటోంది. పొద్దున్నే లేచి మాక్ టెస్టులు రాసుకుంటోంది. ఇంత పట్టుదల నా పోలిక కాదు. రత్న మాత్రం అచ్చంగా నాదే అంటుంది, మెచ్చుకోలుగా కాదు.

ఏప్రిల్ 22

ఉపాయం తట్టింది. ఇదంతా పుస్తకాల్లో చేపను చూసి పెంచుకున్న ముచ్చట. ఒక్కసారి చెరువులో చేపలు పట్టే పట్టుబడికి తీసుకెళ్తే చాలు. ఆ వాసనకు అదే దారికొస్తుంది.

వెంకన్నగారికి ఫోన్ చేశాను. కొల్లేరు లంకలో చెరువు ఆయనది, నాన్న నాటి నుంచి మా కొట్లోనే మేత కొంటారు. వచ్చే సోమవారం వల వేస్తారట. రత్నకు చెప్పలేదు.

ఏప్రిల్ 28

చీకటితోనే బండి మీద ఇద్దరం బయల్దేరాం. వెంకన్నగారు గట్టు మీద నుంచే కేక. "ఆయ్! సావుకారుగారే! ఇన్నేళ్లకి మా గట్టెక్కారండీ బాబూ!" తువ్వాలుతో కుర్చీ తుడిచి వేశారు.

నిజమే, ఇన్నేళ్లకు. చేపల మీద బతుకుతూ పట్టుబడి చూడ్డం ఇదే మొదలు.

వల దగ్గరకు లాగారు. నీళ్లు ఒక్కసారి తెల్లగా లేచాయి. శీలావతులు, బొచ్చెలు... ట్రేలు, ఐసు, కేకలు. మేత బస్తాల వాసన ఎరిగినవాణ్ణి, నాకేమవుతుంది అనుకున్నాను. అది వేరు, ఇది వేరు. గట్టు పక్కకు పరుగెత్తి, పొద్దున తాగిన కాఫీతో సహా కక్కేశాను. వెంకన్నగారి భార్య నిమ్మకాయ కోసి తెచ్చింది. "అలవాటు లేదు కదండీ పాపం. ఇది వాసన చూత్తా కూర్చోండి, తగ్గిపోద్ది."

ముక్కు దగ్గర నిమ్మచెక్కతో కూర్చుని కూతుర్ని చూశాను. చెప్పులు విప్పేసింది. పైజమా మోకాళ్ల దాకా మడిచి నీళ్లలో నిలబడింది. ఇంత పొడుగు శీలావతిని రెండు చేతులతో పట్టుకుని మొప్ప ఎత్తి చూస్తోంది. "ఇక్కడ ఎర్రగా ఉండాలి కదండీ? ఇదేంటండీ, పాలిపోయింది?" వెంకన్నగారు వంగి చూశారు. తర్వాత ఇద్దరూ కలిసి ఇంకో దాన్ని చూశారు. నన్ను మరిచిపోయారు.

దాని ముఖం అంత వెలుగుతూ ఉండగా నేను చూడలేదు. పదో తరగతి మార్కులప్పుడు కూడా లేదు.

తిరిగొస్తుంటే వెనక నుంచి — "నన్ను మాన్పించడానికే తీసుకొచ్చారు కదా నాన్నా?"

బండి చప్పుడులో వినబడనట్టు వేగం పెంచాను.

"కక్కుకున్నారని అమ్మతో చెప్పన్లెండి."

చెప్పలేదు కూడా.

ఏప్రిల్ 29

శ్రావ్య చేప పట్టుకుని నిలబడ్డ ఫోటో వెంకన్నగారు నా ఫోన్‌కు పంపారు, రత్న చూసింది. రత్న చూస్తే అమ్మ చూసినట్టే. సాయంత్రం శ్రావ్య దేవుడి దగ్గరకు వెళ్లబోతే అమ్మ అడ్డం వచ్చింది. "ఉండవే, దీపం నేను పెట్టుకుంటాలే." ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ పని దానిదే.

పిల్ల వెనక్కి తిరిగింది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను పేపరు చాటున కూర్చున్నాను. నా మీద నాకే రోత.

మే 19

ఎంట్రన్స్ పరీక్ష రాసింది. ముభావంగా ఉంది. మజ్జిగ తాగింది.

జూన్ 10

ర్యాంకు వచ్చింది. మంచిదే గానీ గొప్పది కాదు. గోడ మీది కాగితంతో పోల్చి చూసుకుంది. కిందటేడు ఓపెన్‌లో ఆఖరి సీటు ఎక్కడ ఆగిందో, సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంది ఇది. రావచ్చు... రాకపోవచ్చు.

"ఏవండీ, అది రాకపోతే ఏంటి గతి?" అని రత్న.

జులై 8

శ్రీను ఫోన్. "బావగారూ, ఫార్మసీ కాలేజీ వాళ్లతో మాట్లాడేశానండీ. సీటు అట్టే పెడతారు. ఆగస్టు మొదటి వారంలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చెయ్యాలి."

ఫిషరీస్ కౌన్సెలింగ్ ఆ తర్వాతెప్పుడో. అక్కడ ఒరిజినల్స్ లేకుండా లోపలికే రానివ్వరు. గూడెంలో ఇచ్చేస్తే అది పోయినట్టే. ఇవ్వకపోతే ఇది పోతుంది. ఇదీ సంగతి.

పిల్లకు చెప్పాను. "మీరెలా అంటే అలాగే నాన్నా" అంది. నాతో వాదించే పిల్ల! ఏడ్చినా బాగుండేది.

జులై 13

అమ్మతో మాట్లాడాను. కూరగాయలు తరుగుతోంది, పక్కన కూర్చున్నాను.

"అమ్మా, మనం తినే అన్నం చేపలు పెట్టిందేనే."

అనేశాను. ఇంటి కప్పేమీ కూలలేదు. అమ్మ కత్తిపీట వాల్చి, చేతిలోని బీరకాయ పక్కన పెట్టింది.

"నాకు తెలీదేంట్రా? ఈ వ్యాపారం మొదలెట్టినప్పుడు మనవాళ్లంతా మీ నాన్నని ఎంత ఎకసెక్కం చేశారో నీకేం తెలుసు? పెళ్లిళ్లకి వెళ్తే ముక్కు మూసుకునేవారు. ఓసారి పంక్తిలోంచి లేచి వచ్చేశారు ఆయన. ఆ రోజునుంచే ఇంట్లో ఆ మాట వద్దన్నారు." తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి, "రేపు దాన్నీ అంటారురా ప్రసాదూ. ఆడపిల్ల. అది పడగలదా?"

మడి అనుకున్నాను ఇన్నాళ్లూ. భయమట. మనవరాలి మీద ప్రేమట. అమ్మ చెయ్యి పట్టుకున్నాను. బీరకాయ తడి.

"దాన్ని నువ్వు చూళ్లేదమ్మా. అనేవాళ్ల నోరు మూయించి వస్తుంది."

సాయంత్రం లోపలి నుంచి అమ్మ గొంతు. "ఏవే శ్రావ్యా, దీపం వేళయింది, ఎక్కడ చచ్చావే?"

ఆగస్టు 4

గూడెం వెళ్లాం. నేనూ శ్రావ్యా. నిజానికి ఇచ్చేద్దామనే వెళ్లాను. చేతిలో ఉన్న సీటు వదులుకునేంత గుండె నాకు లేదు. వ్యాపారం చేసేవాణ్ణి.

రైల్లో శ్రావ్య ఎదురుగా కూర్చుంది. భీమడోలు దాటాక చెరువులు కనబడితే కిటికీ వైపు తిరిగింది. స్టేషన్‌కు శ్రీను వచ్చాడు.

ఆఫీసులో గుమస్తా మంచివాడే. "ఒరిజినల్స్ ఇచ్చెయ్యండి సార్. తర్వాత మానేస్తామంటే మాత్రం వెనక్కి ఇవ్వడం కష్టమండీ, ముందే చెప్తున్నాను." శ్రావ్య సంచిలోంచి కవరు తీసింది. ఇవ్వబోయి, నా చేతిలో పెట్టింది. "మీరే ఇవ్వండి నాన్నా." నవ్వుతోంది. నన్ను బాధపెట్టకూడదని నవ్వుతోంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల నా కోసం అలా నవ్వాలా!

"జిరాక్స్ కాపీలు మరిచిపోయామండీ. ఇప్పుడే తీయించుకొస్తాం" అన్నాను.

"జిరాక్స్ మా దగ్గరే ఉందండీ..." అంటున్నాడు గుమస్తా. అప్పటికే దాని చెయ్యి పట్టుకుని గుమ్మం దాటాను. శ్రీను ఎవరితోనో ఫోన్‌లో ఉన్నాడు, చూడలేదు. రోడ్డు. ఆటో. స్టేషన్. ఎవరో తరుముతున్నట్టు టిక్కెట్లు తీసుకున్నాను. పెద్దమనిషిని, ఈ వయసులో దొంగలా.

రైలు కదిలాక అడిగింది. "నాన్నా, మనం ఏం చేశాం?"

"నాకూ తెలీదు."

అప్పుడు ఏడ్చింది. నా భుజం మీద, అందరి ముందూ. ఏలూరు వచ్చేదాకా ఆపలేదు. నేను ఆపమనలేదు.

ఆగస్టు 5

శ్రీను ఫోన్‌లో నిప్పులు కురిపించాడు. "పిల్ల జీవితంతో ఆటలేంటండీ బావగారూ! ఇదీ లేక అదీ రాక ఏడాది పోతే?"

అతను అన్నదాంట్లో తప్పు లేదు. రత్న నాతో మాట్లాడటం లేదు. కానీ కాఫీలో పంచదార తగ్గలేదు.

ఆగస్టు 27

ఎదురుచూడటం. మేత బస్తాలు తెల్లవారుజామున దిగాయి. ఒక రైతుకు "నీళ్లు పరీక్ష చేయించారా అండీ?" అనేశాను. ఆయన నా వైపు వింతగా చూశాడు.

సెప్టెంబర్ 9

కబురు వచ్చింది. ఎల్లుండి గుంటూరులో కౌన్సెలింగ్. ఒరిజినల్స్ కవరు బీరువాలో పట్టుచీరల కింద దాచింది రత్న. మాట్లాడకుండానే తీసి ఇచ్చింది. అమ్మ అడిగింది — "అక్కడ హాస్టల్లో మనకి విడిగా వండుతారటా? కనుక్కో." ఇంకా సీటే రాలేదే తల్లీ.

సెప్టెంబర్ 11

గుంటూరు. హాలు బయట వేపచెట్టు కింద రాస్తున్నాను. తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వడం లేదు. రైతులే ఎక్కువ. పక్కన కూర్చున్నాయన భీమవరం వైపు. "మీకెన్ని ఎకరాల చెరువండీ?" అన్నాడు. "మేత అమ్ముతానండీ, చేపల మేత" అన్నాను, గట్టిగానే.

బోర్డు మీద మిగిలిన సీట్ల సంఖ్య మారుస్తున్నారు. పొద్దున పెద్ద అంకె. ఇప్పుడు చిన్నది. మా ర్యాంకు ఇంకా రాలేదు. వరస నెమ్మదిగా కదులుతోంది, అంకె త్వరగా తగ్గుతోంది.

ఇందాక ఒకసారి తలుపు దగ్గరకు వచ్చింది శ్రావ్య. నా కోసం వెతికింది. చెయ్యెత్తాను. చూసింది, లోపలికి వెళ్లిపోయింది. రెండు జడలు వేసుకోనని మొండికేసిన పిల్ల ఇవాళ రెండు జడలు వేసుకుంది, ఎందుకో.

వస్తే రేపటి నుంచి ఇల్లు బోసి. కొట్లో నన్ను అడ్డగోలు ప్రశ్నలు అడిగేవాళ్లు ఉండరు. రాకపోతే గూడెం సీటు పోగొట్టింది నేనే, దాని ముఖం చూడలేను. దేవుణ్ణి ఏమని అడగాలో తెలియక ఊరికే కళ్లు మూసుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, రాకూడదని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే లెంపలు వేసుకున్నాను. భీమవరం ఆయన చూశాడు.

బోర్డు దగ్గరకు మళ్లీ మనిషి వచ్చాడు. పాత అంకె తుడిచాడు. కొత్తది రాయబోతున్నాడు, ఇంతలో మైకులో దాని పేరు... ఇంటిపేరుతో సహా. నేనెందుకు లేచి నిలబడ్డానో తెలీదు. పుస్తకం మూస్తున్నాను.