మెడ పట్టుకునే మనిషి

తనకల్లు,
ఆదివారం.

నా హేమకు,

ఫోన్ చేస్తే నీ గొంతు విని మెత్తబడిపోతాను. ఆ భయంతోనే కాగితం తీసుకున్నాను. బెంగళూరులో మన నాటకం నేను ఆడను. కొత్త కళాకారుల ప్రయోగాల పండగలో మనదే గొప్పగా ఉందని, బెంగళూరుకు ఎంపికైందని అందరూ పొగుడుతున్నారు కదా, ఆ పొగడ్తలన్నీ నువ్వే ఉంచుకో. నీకు కోపం వస్తుంది. రానీ. ముందు ఇది చదువు.

అనంతపురం హాల్లో ఆ రోజు జరిగింది లైట్ల దగ్గర కూర్చున్న నీకు ఒకలా కనిపించి ఉంటుంది. వేదిక మీదున్న నాకు ఇంకోలా కనిపించింది. కథ లేదు, సంభాషణలు లేవు. ఖాళీ వేదిక, మధ్యలో మా నాయన తువ్వాలు, దాని ముందు కూర్చుని నేను శోకాలు పెట్టి ఏడవడం. అంతే కదా మన ప్రయోగం! యూనివర్సిటీలో ఇద్దరం కలిసి కలలు కన్నదే. అమ్మకు మాత్రం "నాయన మీద నాటకం చేస్తాండామ్మా, చూద్దువు రా" అని చెప్పి తీసుకొచ్చాను. ఏడుస్తానని చెప్పలేదు.

మా వాడలో ఒక పద్ధతి ఉంది. రాగం తీసి ఏడ్చే ఆడమనిషిని ఒంటరిగా ఏడవనివ్వరు. దారిన పోయే మనిషైనా, మాటల్లేనంత పగ ఉన్న మనిషైనా వచ్చి పక్కన కూలబడి, మెడ పట్టుకుని, తనూ శోకం అందుకోవాలి. అప్పుడే ఆ ఏడుపు ఆగుతుంది. ఇవన్నీ మానుకోండని చర్చిలో పాస్టరుగారు ఎంత చెప్పినా మావాళ్ళు ఇది మాత్రం మానలేదు. అందుకే, నేను "ఓ నాయనా" అని రాగం ఎత్తగానే ముందు వరసలోంచి అమ్మ లేచింది. చెప్పులు అక్కడే విడిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెట్లెక్కి వచ్చి నా మెడ పట్టుకుంది. "మోటారు కాడికి పోవద్దంటి కదా నా సామీ, తడి చేత్తో ముట్టొద్దంటి కదా నా సామీ" అని అందుకుంది.

అది నాటకం కాదు హేమా. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అమ్మ ఉలిక్కిపడి నా భుజం వెనక్కి జరిగింది. "ఏం మే, ఎందుకు కొడతాండారు?" అని చెవిలో అడిగింది.

తర్వాత న్యాయనిర్ణేతలు, ఆవిడ రావడం ముందే అనుకున్నదేనా అని నిన్ను అడిగారు. తడుముకోకుండా అవునన్నావు. అంతటితో ఆగావా? అమ్మ చేతికి టీ ఇచ్చి, "బెంగళూరులో కూడా సరిగ్గా ఆ చోటే లేచి రావాల మారెమ్మా" అన్నావు. మా నాయన చచ్చిపోయింది మీ శెనక్కాయ చేన్లో, మీ బోరు మోటారు దగ్గర. ఆ రోజు మీ అమ్మ యశోదమ్మ మా సందు మొదట్లో కారు పక్కనే నిలబడి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. అమ్మ ఆమెను చూస్తూనే ఏడ్చింది. ఈ మాట నీతో ఎన్నడూ అనలేదు. స్నేహం చెడుతుందని మింగాను. ఇప్పుడు చెడితే చెడనీ.

ఇంకా నీ స్నేహితురాలినో కాదో తెలియని
రెబెకా


తనకల్లు,
శుక్రవారం.

హేమా,

నీ జవాబు అందింది. నిర్వాహకులకు నిజం చెప్పేశానని, బెంగళూరు వద్దంటే మానేద్దామని రాశావు. నీ మీద కోపం కాస్త తగ్గింది. అబద్ధం ఎందుకు, పూర్తిగా పోలేదు.

ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. చేటలో కందులు చెరుగుతూ విన్నది.

"మానేస్తాండామ్మా" అన్నాను.

"మానేదెందుకు మే?"

"నీ ఏడుపును నాటకం అనుకొన్నారు. చప్పట్లు కొట్టినారు కదా."

"కొట్టుకోనీ. నా బాధ అది కాదు. అందరూ ఒక్కసారే లేసిరి సూడు, ఇంగ వస్తారు, మన మెడ పట్టుకొంటారు అనుకొంటి. అంతమంది ఆడోళ్ళుండారు, ఒక్కతీ రాలే. యాడుండేటోళ్ళు ఆడనే నిలబడి చేతులు తట్టిరి."

ఇన్నాళ్ళూ నేను చప్పట్లనే తిట్టుకుంటూ కూర్చున్నాను. అమ్మకు తగిలిన దెబ్బ వేరే. నాకు సిగ్గేసింది. అమ్మ చేట పక్కన పెట్టి, కాళ్ళు చాపుకుని, నింపాదిగా చెప్పింది.

"పోదాం బెంగుళూరికి. ఈతూరి నేను లెయ్యను. యశోదమ్మను పిలిపించమను ఆ హేమ పాపను. నా పక్క కుర్చీలోనే కూసోబెట్టమను. నువ్వు ఏడ్సు. ఆయమ్మ వస్తాదో రాదో సూస్తా."

"రాకపోతే?"

"ఏడుస్తానే ఉండు."

కాబట్టి వస్తున్నాం. మీ అమ్మను తీసుకురావడం నీ పని. నేను మా అమ్మకు చెప్పకుండా తెచ్చినట్టు నువ్వు తేవద్దు. ఎందుకు పిలుస్తున్నామో చెప్పే తీసుకురా. ముందు వరస నుంచి వేదిక దాకా, మెట్ల మీద కూడా, లైటు పడేలా చూడు. దారి కనబడలేదనే సాకు ఆమెకు మిగలకూడదు. మనసు ఆగక నువ్వే లేచి వద్దామనుకుంటావేమో, నువ్వు రావద్దు. అది మీ అమ్మ రావలసిన చోటు.

ఆమె వచ్చేదాకా నేను ఏడుపు ఆపను. హాలు ఖాళీ అయినా సరే, నువ్వు లైట్లు ఆర్పొద్దు.

యేసన్న కూతురు
రెబెకా