మా మనిషి బయలుదేరాడు

మా బావమరిదికి,

ఇక్కడ నేను తప్ప అందరూ క్షేమం.

మీ కంపెనీవాళ్లు వచ్చి మన లిఫ్టు రిపేరు షాపులో పాత ఫోన్ పీకేసి, ఇంటర్నెట్ ఫోన్ పెట్టి వెళ్లారు. గోడకి ఒక తెల్ల డబ్బా బిగించారు. దానికో పచ్చ లైటు. అది ఊరికే కన్ను కొడుతూ ఉంటుంది. కౌంటరు దగ్గర కూర్చుని దాన్ని చూస్తూ ఉంటే, అదే నన్ను కనిపెడుతున్నట్టుంది. ఆ లైటు ఆరిపోతుందేమోనని మంచినీళ్లకి కూడా లేవడం లేదు.

నీకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. ఈ ఊళ్లో మనం రిపేర్లు చూసే ప్రతి లిఫ్టులోనూ, బటన్ల పక్కన, మన షాపు నంబరు అంటించి ఉంది. ఇరుక్కున్నవాడికి ఆ చీకట్లో ఆ నంబరు తప్ప ఇంకేం ఉండదు. వాడు ఫోన్ చేస్తే ఇక్కడ మోగాలి. మోగకపోతే?

అసలు సంగతి అడుగుతున్నాను, దాటెయ్యకుండా చెప్పు. పాత ఫోన్ కరెంటు పోయినా పలికేది. ఈ డబ్బా కరెంటు పోతే పలకదని మీ కుర్రాడు స్క్రూలు బిగిస్తూ బిగిస్తూ నోరు జారాడు. లిఫ్టులు ఆగేదే కరెంటు పోయినప్పుడు కదరా!

కంగారులో ఉన్న
నీ బావ

తా.క. ఇదంతా ఫోన్లో చెప్పకుండా ఉత్తరం ఎందుకంటావు. ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నామో వాళ్ల చేతికే ఇచ్చి పంపుతామా?


గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి, నవ్వాపుకుని రాస్తున్న ఉత్తరం.

మీరు అనవసరంగా బెంగపడుతున్నారు. డబ్బాతోపాటు ఒక బ్యాటరీ పెట్టె కూడా ఇచ్చారు కదా, కరెంటు పోయినా కాసేపు అదే నడిపిస్తుంది. అదీ అయిపోతే షాపుకి వచ్చే ఫోన్లు వాటంతటవే మీరు చెప్పిన సెల్ ఫోన్‌కి వెళ్లిపోతాయి. ఏ నంబరుకి వెళ్లాలో చెప్పండి. ఒకటి కాకపోతే నాలుగు పెట్టుకోవచ్చు. అక్కదీ, మీరు స్పానర్ అని పిలిచే మెకానిక్‌దీ కూడా పెడదాం.

ఎవరూ ఎత్తలేకపోతే ఒక పలకరింపు వినిపిస్తుంది. మా దగ్గర మంచి గొంతున్న అమ్మాయి చదివిన పలకరింపులు సిద్ధంగా ఉన్నాయి.

ఇంకో మాట. ఈ ఫోన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీ భయం పోతుంది. మీరు మాట్లాడిన మాట చిన్న చిన్న ముక్కలవుతుంది. ఆ ముక్కలు దేని దారిన అవి వెళ్లి, అవతలివాళ్ల చెవి దగ్గర మళ్లీ వరసగా అతుక్కుంటాయి. అంతే!

మీ
బావమరిది

తా.క. ముక్కలు తప్పిపోవడం చాలా అరుదు.


మా బావమరిదికి,

నీ ఉత్తరం చదివాక ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది.

మాటల్ని ముక్కలు చెయ్యడమేమిట్రా? ‘నాలుగో అంతస్తులో ఇరుక్కున్నాం, పాప ఏడుస్తోంది’ అని ఒక తల్లి చెబుతుంది. ‘నాలుగో అంతస్తు’ ఒక దారినా ‘పాప’ ఇంకో దారినా పోతే నేను స్పానర్‌ని ఎక్కడికని పంపను? పైగా చాలా అరుదు అంటున్నావు. ఆ అరుదైన ముక్క ఎవరిదో ఎవడు చెప్పగలడు?

అందుకని నా జాగ్రత్తలో నేనున్నాను. నిన్న బట్టల గోడౌను మేనేజరు ఫోన్ చేస్తే, ఏ ముక్క పోయినా ఇంకోటి ఉంటుందని, ప్రతి మాటా రెండుసార్లు చెప్పించాను. చివరికి ఆయన ‘మీకు చెవుడా, మీకు చెవుడా’ అని అడిగి పెట్టేశాడు. రెండుసార్లూ స్పష్టంగానే వినపడింది.

కరెంటు పోతే ఫోన్లన్నీ నా సెల్‌కే రావాలి. నా ఒక్కడికే. స్పానర్ ఫోన్ ఎప్పుడూ వాడి టూల్ బ్యాగు అడుగున ఎక్కడో మోగుతూ ఉంటుంది. మీ అక్క సంగతి నీకు తెలియనిదా? ఇన్నేళ్లూ ఫోన్ దగ్గర కూర్చున్నది తనే, కాదనను. స్పానర్ వెళ్లేదాకా ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడుతూనే ఉండేది. పిల్లల చదువులూ, మోకాళ్ల నొప్పులూ, అన్నీ. ఒకాయన తలుపు తెరిచాక కూడా ‘ఒక్క నిమిషం, అమ్మగారు చెప్పేది పూర్తి కానివ్వండి’ అన్నాడట. ఇలాంటి ప్రమాదకరమైన ఫోన్ ముందు ఆవిణ్ని కూర్చోబెట్టలేను. తలకి పెట్టుకునే ఆ ఇయర్‌ఫోన్ నేనే పెట్టుకుంటున్నాను. దాంతో ఆవిడ అలిగి మాటలు మానేసింది.

పలకరింపు కూడా నా గొంతుతోనే ఉండాలి. భయంలో ఉన్నవాడికి ఎవరో తెలియని అమ్మాయి తియ్యగా మాట్లాడితే ఇంకా భయం వేస్తుంది. ఇలా రికార్డు చేశాను: ‘నమస్కారం. మీరు లిఫ్టులో ఇరుక్కున్నారా? భయపడకండి. గాలి బాగానే ఆడుతుంది. తలుపు తన్నకండి. మా మనిషి బయలుదేరాడు.’

ఊపిరి బిగబట్టుకుని ఉన్న
నీ బావ

తా.క. ఆ బ్యాటరీ పెట్టె ఉండుండి కీచుమంటోంది. పేలుతుందేమోనని తీసుకెళ్లి పెరట్లో పెట్టాను. పైన బకెట్ బోర్లించాను.


గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. మీరు చెప్పినట్టే అన్నీ చేయించాను. షాపులో డబ్బా ఆగిపోతే ఫోన్ మీ సెల్‌కి వస్తుంది. మీరు వేరే ఫోన్లో ఉంటే, అవతలివాళ్లకి మీ పలకరింపు వినపడుతుంది. ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు మా కంపెనీలో ఇంకెవరికీ లేదు. చీమ కూడా దూరదు.

బ్యాటరీ కీచుమనేది ఛార్జింగు పెట్టమని. పేలదు. దయచేసి దాన్ని లోపలికి తెచ్చి డబ్బాకి తగిలించండి.

చిన్న సందేహం. పలకరింపులో ‘మా మనిషి బయలుదేరాడు’ అన్నారు. ఫోన్ ఎవరూ ఎత్తకపోతే ఆ మనిషికి బయలుదేరాలని ఎవరు చెబుతారు? అక్క కూడా నాకు ఇదే రాసింది. మీరు పెద్దవారు, ఆలోచించే చేసి ఉంటారని ఊరుకున్నాను.

మీ
బావమరిది

తా.క. ‘భయపడకండి’ అన్నచోట మీ గొంతు వణికింది. మా ఇంజనీర్లు యంత్రంలో లోపమనుకుని పొద్దున్నుంచీ సరిచేస్తున్నారు.


మా బావమరిదికి,

వారం నుంచీ అంతా సవ్యంగా ఉంది. అదే నా భయం. ఫోన్లు తక్కువగా వస్తున్నాయి. లిఫ్టులు బాగున్నాయా, లేక ఎక్కడో ఎవరో అరుస్తూ ఉంటే ఆ అరుపు ముక్కలై దారిలో తిరుగుతోందా? నాకు ఎలా తెలుస్తుంది? షాపు ఫోన్ పనిచేస్తోందో లేదోనని నా సెల్ నుంచి గంటగంటకీ నేనే చేసుకుంటున్నాను. ‘ఎవరండీ?’ అంటాను. ‘నేనే’ అంటాను. ప్రాణం కుదుటపడుతుంది.

పలకరింపులో ఆ ముక్క తియ్యను. ఇరుక్కున్నవాడికి ధైర్యం ముఖ్యం. నిజం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఈ రోజు స్పానర్ సెలవు పెట్టాడు. బట్టల గోడౌను లిఫ్టు నేనే చూసి రావాలి. నేను లిఫ్టు ఎక్కనని నీకు తెలుసు, ఎప్పుడూ మెట్లే. కానీ టూల్ బ్యాగు మోసుకుని పై అంతస్తు దాకా ఎలా వెళ్లాలో అర్థం కావడం లేదు. మీ అక్కని సాయం అడగొచ్చు. అడగను. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి అటే వెళ్తాను.

నీ బావ

తా.క. బ్యాటరీ పెరట్లోనే ఉంది. ఇప్పుడు కీచుమనడం కూడా మానేసింది. దాన్ని చూస్తే ఇంకా భయంగా ఉంది.


గౌరవనీయులైన బావగారికి,

శుభవార్త! ఆనందం పట్టలేక పరుగున రాస్తున్నాను.

మొన్న మీ ఊళ్లో కరెంటు పోయిందట కదా. మా ఆఫీసుకి రిపోర్టు వచ్చింది. మీ షాపు డబ్బా ఆగిన వెంటనే మన ఏర్పాటు అనుకున్నట్టే పనిచేసింది. పైగా ఎవరో ఒక కస్టమరు అదే సమయంలో మళ్లీ మళ్లీ ఫోన్ చేసి, ప్రతిసారీ మీ పలకరింపు మొదటినుంచి చివరిదాకా విన్నాడు. ఎక్కడా మధ్యలో పెట్టెయ్యలేదు. ఎవరన్నది మాకు చూపించరు, అది కంపెనీ నిబంధన. ఎవరైతేనేం, మీ గొంతుకి ఒక అభిమాని దొరికాడు!

మా మేనేజరు ఈ రిపోర్టు మీటింగులో చదివి వినిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కస్టమరు ఎవరో వీలైతే కనుక్కోండి. ‘మీ సేవతో నా భయం పోయింది’ అని ఆయన చేత నాలుగు మాటలు రాయించి పంపితే మా ప్రకటనల్లో వేసుకుంటాం. ఫోటో కూడా ఉంటే మరీ మంచిది.

మీ
బావమరిది

తా.క. ఫోటోలో నవ్వుతూ ఉండాలి.


మా బావమరిదికి,

ఆ అభిమానిని నేనే.

గోడౌనులో మెట్ల మొదట్లో నిలబడి బ్యాగు వంక చూశాను, పైకి చూశాను. ఈ ఒక్కసారికీ అనుకుని లిఫ్టు ఎక్కాను. రెండో అంతస్తు దాటగానే కరెంటు పోయింది. చీకటి. ఒక్క కుదుపు, తర్వాత నిశ్శబ్దం. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నాకే తెలియాలి. ఏమీ గుర్తు రాలేదు. సెల్ లైటు వేస్తే బటన్ల పక్కన మన నంబరు కనపడింది. చేశాను. షాపులో డబ్బా ఆగిపోయింది కాబట్టి ఆ ఫోన్ నా సెల్‌కి వచ్చింది. నా సెల్‌లో నేను ఫోన్ చేస్తూ ఉన్నాను కాబట్టి అది ఖాళీ లేదు. అప్పుడు నా చెవిలో నేనే వణుకుతూ ‘భయపడకండి, మా మనిషి బయలుదేరాడు’ అన్నాను.

నమ్ముతావా, మొదటిసారి నిజంగానే ధైర్యం వచ్చింది. ఆ మనిషిని కూడా నేనేనని, నేను ఇక్కడే ఉన్నానని తర్వాత తట్టింది. అయినా మళ్లీ చేశాను. వేరే గొంతు పలుకుతుందేమోనని చేస్తూనే ఉన్నాను. ‘తలుపు తన్నకండి’ అన్నచోట ప్రతిసారీ తన్నాను.

మధ్యలో పౌరుషం చంపుకుని మీ అక్కకి చేశాను. కట్ చేసింది. మళ్లీ చేశాను. మళ్లీ కట్. ‘అలకలో ఉన్నప్పుడు ఈయన ఒకసారి చేసి ఊరుకుంటారు, వెంటనే మళ్లీ చేశారంటే ఎక్కడో ఇరుక్కున్నారు’ అనుకుందట. తిరిగి చేస్తే నా సెల్ ఖాళీ లేదు. నేను నాతో మాట్లాడుతున్నాను కదా. గోడౌనుకి వెళ్లానని తెలుసు కనుక దారిలో స్పానర్‌ని ఇంటినుంచి లేపుకుని వచ్చింది. మోకాళ్ల నొప్పితో ఆ మెట్లన్నీ ఎక్కింది.

తలుపు సందులోంచి ‘ఏవండీ, నేను వచ్చాను’ అని వినపడగానే, దాచడం దేనికి, చంటిపిల్లాడిలా ఏడ్చేశాను. ఇన్నేళ్లూ ఆవిడ ఫోన్లో ఊసుపోని కబుర్లు చెబుతోందనుకున్నాను. ఆ పెట్టెలో ఉన్నవాడికి కావలసింది అవేనని నాకేం తెలుసు? పక్కింటావిడ కొత్త కుట్టుమిషన్ గురించి చెబుతూ ఉంటే, ఆపకుండా చెబితే బాగుండునని చెవి తలుపుకి ఆనించి కూర్చున్నాను.

ఆ కబుర్ల మధ్యలోనే నా చేత కొన్నిటికి ఒప్పించుకుంది. ఇంటర్నెట్ ఫోన్ ఉంటుంది. ఇయర్‌ఫోన్ ఆవిడది. కరెంటు పోతే మొదట ఆవిడ సెల్, తర్వాత స్పానర్‌ది. నాది చిట్టచివర. బ్యాటరీ లోపలికి వస్తుంది. నా పలకరింపు పోతుంది. అన్నిటికీ సరేనన్నాను. ఆ రోజు ఇల్లు రాసివ్వమన్నా రాసిచ్చేవాణ్ని. ఈ మార్పులన్నీ వెంటనే చేయించు.

మీ ప్రకటనకి రాయమన్న నాలుగు మాటలు ఇవి: భయం పోలేదు. ఫోటో లేదు.

బతికి బయటపడ్డ
నీ బావ

తా.క. ఇందాకే స్పానర్ చెప్పాడు. వాళ్లు వచ్చీ రాగానే తలుపు తియ్యొచ్చట. తలుపు తీసే కీ మాత్రం మీ అక్క గుప్పిట్లో ఉందట. అడిగితే ‘ఆగరా, ఇంకా బ్యాటరీ సంగతి తేలలేదు’ అందట. నాకు కోపం రావాలి. రాలేదు. ఆ తలుపు అవతల ఆవిడ గొంతు ఉన్నంతసేపూ నాకు చీకటి గుర్తే రాలేదు.